తలుపులు బిగించేదాకా మా ఇల్లే

పీజీ రెండో ఏడు ప్రాజెక్టుకు బి.నర్సింగరావు సినిమాలు తీసుకుంటానంటే మా గైడ్ సార్ మొదట ఒప్పుకోలేదు. "నల్లగొండల చదువుతున్నవు, సాయుధ పోరాటం నడిచిన గడ్డ. 'మా భూమి' మీద రాయరాదమ్మా" అన్నారు. ఆ సినిమాకు నర్సింగరావు నిర్మాత, దర్శకుడు బెంగాలీ అయిన గౌతమ్ ఘోష్ అని చెప్పాను. నాకు కావలసినవి నర్సింగరావు తానే దర్శకుడిగా తీసినవి. 'రంగుల కల', 'దాసి', 'మట్టి మనుషులు'. మనిషి తనది ఏ చోటు అనుకుంటాడు, ఎవరిని తనవాళ్ళనుకుంటాడు, నేను ఫలానా అని దేన్ని చూసి చెప్పుకుంటాడు, ఇవే నా ప్రశ్నలు. వారం రోజులు వెంటపడితే "సరే గానీ, కథలు రాసి తేకు" అని సంతకం పెట్టారు.

మొదటిసారి నేను కథలే రాసి తీసుకెళ్ళాను. ముప్పై రెండు పేజీలు. సార్ నాలుగో పేజీ దగ్గర ఆగిపోయి, "కథ సినిమా చూస్తే తెలుస్తది. ఆయన ఎట్ల చూపించిండో రాయి" అని కాగితాలు నా చేతిలో పెట్టారు. ఆ రాత్రి చాలా టెన్షన్ పడ్డాను. తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని. పద్యంలో అలంకారం పట్టుకోగలను. కెమెరా ఎక్కడుందో చూడటం నాకెవరూ నేర్పలేదు.

క్లాక్ టవర్ దగ్గర మేం ముగ్గురం ఉండే రూములో, మిగతా ఇద్దరూ పడుకున్నాక ఫోన్లో 'దాసి' పెట్టుకునేదాన్ని. ఒక నోటు బుక్కులో నిలువు గీతలు గీశాను. ఎన్నో నిమిషం, కథలోని దాసి ఎక్కడుంది, మాట ఎవరిది. ఆమె ఎక్కడుంది అన్నచోట మూడే మాటలు రాసుకునేదాన్ని: లోపల, గడప, బయట. చప్పుడు కోసం ఇంకో గీత తర్వాత కలిపాను, ఎందుకంటే మాట రాయాల్సిన వరుస చాలాచోట్ల ఖాళీగానే ఉండిపోయింది.

నిజం చెప్పాలంటే మొదటిసారి చూసినప్పుడు నాకు ఓపిక చాలలేదు. పాటలు లేవు, మాటలు తక్కువ, దృశ్యం తొందరగా మారదు. మూడోసారి చూస్తున్నప్పుడు అర్థమైంది. దొరకు నోరు తెరవాల్సిన పనిలేదు, దాసికి నోరు తెరిచే హక్కు లేదు. ఇక మాటలు ఎక్కడి నుంచి వస్తాయి? 1920ల నాటి తెలంగాణ గడి, అంటే దొర ఉండే పెద్ద బంగళా అది. దొరల ఇళ్ళలో పెళ్ళయితే సారెతో పాటు ఆడపిల్లనూ పంపేవాళ్ళు, ఆడబాప అనేవాళ్ళు. ఇత్తడి బిందె వచ్చినట్టే మనిషీ వచ్చేది. కమలాక్షి అలాంటి మనిషి. ఆమె ఎంత నలిగిపోతోందో చెప్పడానికి దర్శకుడు ఏడుపు పాట పెట్టలేదు. అంత పెద్ద గడిలో ఆమెను ఒంటరిగా నిలబెట్టి, మనం చూపు తిప్పుకోకుండా చేశాడు. నా నోటు బుక్కులో "లోపల" అని ఎన్నోసార్లు వచ్చింది. ఆ లోపల ఉన్నంతసేపూ ఆమె చాకిరి చేస్తూనో, పిలుపు కోసం ఎదురుచూస్తూనో ఉంది.

ఇంతవరకు పట్టుకున్నాను గానీ, దాన్ని ఎలా చెప్పాలో తోచలేదు. అది మా అమ్మ వల్ల తోచింది.

మాది మక్తల్ దిక్కు ఒక పల్లె. అమ్మా నాయినా, కూలీలను గుంపుగా పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఇళ్ళు కట్టే పనికి పుణె పోతారు, ఉగాదికి వస్తారు. నేను అవ్వ దగ్గర పెరిగాను. ఆ ఉగాదికి నేనూ దేవరకొండ, కల్వకుర్తి మీదుగా బస్సులు మారి ఊరికి పోయాను. పనైపోయాక అమ్మ పక్కన కూర్చుని, ఫోన్ గోడకు ఆనించి సినిమా పెట్టాను. అమ్మ కథ అడగలేదు. "ఆ కొంగు జూడు, మా అవ్వ గిట్లనే కట్టేది" అంది. నేను ఆరుసార్లు చూసినా బట్టల గురించి ఒక్క ముక్క రాసుకోలేదు. తర్వాత వెతికితే, ఆ సినిమాకు వచ్చిన అయిదు జాతీయ అవార్డుల్లో ఒకటి దుస్తులకే అని తెలిసింది. ఆ పని చేసిన సుదర్శన్ మా నల్లగొండ జిల్లా మిర్యాలగూడ మనిషి. ఊళ్ళో ఆయన పేరే దాసి సుదర్శన్ అయిపోయింది. కళా దర్శకత్వానికి చిత్రకారుడు వైకుంఠం, ఛాయాగ్రహణానికి ఎ.కె.బీర్, నటనకు కమలాక్షి పాత్ర వేసిన అర్చన అవార్డులు అందుకున్నారు. ఉత్తమ తెలుగు చిత్రం అయిదోది. నర్సింగరావు కూడా చిత్రకారుడే, 'రంగుల కల'లో చిత్రకారుడి పాత్ర తానే వేశాడు. బొమ్మలు గీసే చేతులు కలిసి తీసిన సినిమా కాబట్టే ఆ చీర, ఆ గోడ, ఆ వెలుతురు ఇంత మాట్లాడుతున్నాయని ఒక పేరా రాసుకున్నాను.

కొంచెంసేపటికి అమ్మ గడిని చూస్తూ, "గంత పెద్ద తలుపులు చేసినోళ్ళు ఒక్క రాత్రన్న లోపల పండినరా?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే తనే అంది: "మనకూ అంతే గద బిడ్డా. తలుపులు బిగించిండ్రంటే మూట కట్టుకోవాలె."

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక ఎండాకాలం పుణెలో వాళ్ళతో ఉన్నాను. కడుతున్న అపార్ట్‌మెంటులోనే మా కాపురం. రెండో అంతస్తులో మూడు రాళ్ళ పొయ్యి, సిమెంటు సంచులు కుట్టిన పరదా. అమ్మ తట్ట మోసేది, నాయిన మాలు కలిపేవాడు. గోడ ఎంత లేస్తే మాకు గాలి అంత తగ్గేది, కానీ అది మా ఇల్లే అనుకున్నాను. ఒకరోజు లారీలో తలుపులు దిగాయి. మరుసటి వారం మేం ఇంకో బిల్డింగు పిల్లర్ల మధ్యకు మారాం. అక్కడ మమ్మల్ని పేరు పెట్టి ఎవరూ పిలవలేదు, అందరం పాలమూరు లేబరే. ఊరికొస్తే మాత్రం "పుణెవాళ్ళు వచ్చిండ్రు" అనేవాళ్ళు.

నల్లగొండకు తిరిగి వచ్చాక ప్రాజెక్టు మొత్తం మళ్ళీ రాశాను. అధ్యాయాల పేర్లు మార్చాను: గడప, బంధం, పేరు. 'మట్టి మనుషులు' గురించి అప్పటిదాకా వలస సమస్య అని రెండు పేజీల్లో తేల్చేశాను. నిజానికి నాకు అన్నిటికంటే దగ్గరి సినిమా అదే. పల్లె విడిచి నగరంలో ఇళ్ళు కట్టే పనికి వచ్చిన ఆలుమగలు, అందులోనూ అర్చనే. 'దాసి'లో ఇల్లు ఉంది, అందులో ఆమెకు చోటు లేదు. ఇక్కడ ఇల్లు కట్టేదే ఆమె చేతులు. ఈ పోలిక రాస్తున్నప్పుడు చేయి వణికింది.

ఎక్కువ రోజులు తిన్నది బంధం అధ్యాయం. 'దాసి'లో ప్రేమ ఎక్కడుంది? దొర పిలుపు ప్రేమ కాదు, దాన్ని అలా రాస్తే పాపం. చివరికి కడుపులో బిడ్డ దగ్గర ఆగాను. నాది అని ఆమె అనుకోగలిగింది లోకంలో అదొక్కటే. దాన్ని కూడా తీయించాలని గడి నిర్ణయిస్తుంది. ప్రేమించడానికి ముందు ఒక మనిషికి తన ఒళ్ళు తనదై ఉండాలి, ఆ హక్కే లేని చోట ప్రేమను చూపించాలంటే దాన్ని లాక్కునే క్షణాన్నే చూపించాలి. నర్సింగరావు చేసింది అదేనని నా నమ్మకం.

టైపింగ్ దగ్గర నాలుగు రోజులు పోయాయి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్‌లో కొట్టిచ్చారు, డిపార్ట్‌మెంటు వాళ్ళు యూనికోడ్‌లో అడిగారు. మార్చితే ఒత్తులన్నీ చెదిరిపోయాయి, రాత్రుళ్ళు కూర్చుని సరిచేశాను.

వైవాకు వచ్చిన మేడమ్ రెండో అధ్యాయం తెరిచి, "బంధం అన్నావు, ప్రేమకథ ఏదమ్మా?" అని అడిగారు. పైన రాసిందే చెప్పాను, గొంతు కాస్త పూడుకుపోయింది. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత గడప అధ్యాయంలో పుణె గురించి రాసిన పేరా దగ్గర వేలు పెట్టి, "ఇది ప్రాజెక్టులో ఎందుకు?" అన్నారు. "నేను సినిమాను చూసింది అక్కడి నుంచే మేడమ్" అన్నాను. ఆ పేరా ఉంచమన్నారు.

బైండింగ్ కాపీ ఇచ్చిన రోజు సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. పుణెలో కొత్త బిల్డింగు, నాలుగో అంతస్తులో ఉన్నారట. ఎన్ని రోజులుంటారని అడిగితే, "వానల దాంక ఉంటం బిడ్డా, ఇంకా తలుపులు రాలే" అంది.