తెలుగు ఫైళ్లలో రీజెక్స్: వర్డ్ బౌండరీని నమ్ముకోవద్దు

యాప్‌లోని తెలుగు స్ట్రింగ్స్ ఫైల్‌లో «పాట» అని ఉన్నచోటల్లా «గీతం» అని మార్చాలనుకోండి. మామూలు ఫైండ్-రీప్లేస్ కొడితే «దాంతో పాటు» కాస్తా «దాంతో గీతంు» అయి కూర్చుంటుంది. యూనికోడ్‌లో «పాటు» అంటే నాలుగు కోడ్‌పాయింట్లు (గుర్తుకొకటి చొప్పున ఇచ్చిన సంఖ్యలు): ప, దీర్ఘం, ట, కొమ్ము. మొదటి మూడూ కలిస్తే అచ్చంగా «పాట»యే. అది మారిపోయాక కొమ్ము ఒక్కటీ దిక్కులేకుండా మిగిలిపోతుంది.

ఇంగ్లిష్ అలవాటు కొద్దీ రీజెక్స్‌లో (అక్షరాల నమూనాతో వెతికే పద్ధతి) మాటకు రెండువైపులా బ్యాక్‌స్లాష్-బి, అంటే మాట హద్దు (వర్డ్ బౌండరీ) గుర్తు, తగిలిస్తాం. తెలుగులో అది పనిచేయకపోగా తలకిందులుగా పనిచేస్తుంది. పైథాన్‌తో వచ్చే రీ మాడ్యూల్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్‌లనే మాటలో భాగమనుకుంటుంది. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న దాని లెక్కలోకి రావు. అందుకే «పాటు»లో ట దగ్గరే మాట అయిపోయిందనుకుని పట్టేస్తుంది. అదే «పాటలు» కోసం వెతికితే, చివరి కొమ్ముకీ తర్వాతి ఖాళీకీ మధ్య హద్దు కనబడక వదిలేస్తుంది. జావాస్క్రిప్ట్‌లో అయితే తెలుగు అక్షరమే లెక్కలో లేదు. ఖాళీల మధ్య ఉన్న «పాట» కూడా దొరకదు.

కాబట్టి హద్దును మనమే రాసుకోవాలి. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన వరుస, అంటే తెలుగు బ్లాక్, 128 స్థానాలది. ముందూ వెనకా అందులోది ఏదీ ఉండకూడదని చెబితే చాలు:

`(?<![ఀ-౿])పాట(?![ఀ-౿])`

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. «సాఫ్ట్‌వేర్» లాంటి మాటల మధ్య కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) ఉంటుంది. అది ఈ బ్లాక్‌లో లేదు, దాని కోడ్ 200సి. బ్రాకెట్లలో దాన్నీ చేర్చండి, అదీ ఎస్కేప్ రూపంలో (`\u200c` అని); నేరుగా అతికిస్తే రేపు కోడ్ చదివేవాళ్లకు కనిపించదు. రెండోది ఐత్వం. ఒకే కోడ్‌పాయింట్‌గానూ ఉండొచ్చు, రెండు ముక్కలుగానూ ఉండొచ్చు. తెర మీద తేడా తెలియదు, రీజెక్స్‌కు మాత్రం అవి వేర్వేరు. వెతికే ముందే ఫైల్‌నూ ప్యాటర్న్‌నూ ఎన్‌ఎఫ్‌సీకి (ముక్కలను ఒకే కోడ్‌పాయింట్‌గా కలిపే యూనికోడ్ రూపం) నార్మలైజ్ చేయాలి.

ఇక విభక్తులు. «పాటలో» మారితే «గీతంలో», «పాటను» మారితే «గీతాన్ని», «పాటలు» మారితే «గీతాలు». వీటిని ఒక్క రీప్లేస్‌మెంట్ స్ట్రింగ్‌తో సాధించాలని చూడకండి. రూపాలన్నీ డిక్షనరీలో పెట్టి, పైథాన్ రీ మాడ్యూల్‌లోని సబ్ ఫంక్షన్‌కు స్ట్రింగ్ బదులు ఫంక్షన్ ఇవ్వండి:

`(?<![ఀ-౿])(పాట|పాటలో|పాటను|పాటలు)(?![ఀ-౿])`

చివరి లుక్‌అహెడ్ (`(?!` తో మొదలయ్యే భాగం) తీసేస్తే ఎప్పుడూ ముందున్న «పాట»యే గెలుస్తుంది, మిగతావాటికి వంతు రాదు. అది ఉన్నంతవరకు వరుస ఎలా ఉన్నా పర్వాలేదు.

మార్చాక మిగిలినవాటిని ఇలా వెతకండి:

`(?<![ఀ-౿])పాట[ఀ-౿]+`

«పాటు», «పాటించాలి» వస్తే వదిలేయండి. «పాటలను», «పాటకు» వస్తే డిక్షనరీలో చేర్చి మళ్లీ నడపండి.