మా చపాటా ఏ జాతి?

ఎనుమాముల మార్కెట్‌లో ఒక మిర్చి అడ్తి దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. పిడికెడు కాయ చేతిలోకి తీసుకుంటే ఇది తేజ, ఇది వండర్ హాట్, ఇది చపాటా అని రైతు నోరు విప్పకముందే చెప్తాను. అందులో పెద్ద గొప్పేం లేదు, రోజూ అదే పని కాబట్టి వచ్చేసింది. కానీ జనవరిలో మా ఇంటికొచ్చిన కుక్కపిల్ల ఏ జాతిదో మాత్రం ఇప్పటికీ చెప్పలేను. చెప్పినవాళ్లకి మాత్రం కొదవ లేదు.

హన్మకొండ దాటాక కొందరు కుర్రాళ్లు సొంత డబ్బులతో నడుపుతున్న షెల్టర్ ఒకటుంది. మా పాప ఏడో తరగతి. పోరుపెట్టి పోరుపెట్టి మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లింది. తల్లికుక్కని, పిల్లల్ని హంటర్ రోడ్డు వైపు ఒక కల్వర్టు కింద నుంచి తెచ్చారట. దత్తత ఫారంలో జాతి అన్నచోట ‘క్రాస్’ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంది. తండ్రి ఎవరని అడిగితే అక్కడి అమ్మాయి నవ్వింది. “తండ్రులు అనండి అంకుల్. ఒకే కాన్పులో పిల్లలకి వేర్వేరు తండ్రులుండొచ్చు” అంది. ఆ మాటతో మా ఆవిడ ఇంక ప్రశ్నలు అడగడం మానేసింది.

మేం తెచ్చుకున్నవాడు గోధుమరంగు. వీపు మీద నల్లని నీడ, మూతి నలుపు, చెవులు వాలిపోయి ఉన్నాయి, పొట్ట గుండ్రంగా ఉబ్బి ఉంది. “డాడీ, అచ్చం చపాటా లెక్కున్నడు” అంది పాప. వరంగల్ వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, చపాటా అంటే పొట్టిగా, లావుగా ఉండే మా ప్రాంతపు మిర్చి. టమాటా మిర్చి అని కూడా అంటారు. రంగు ఎక్కువ, కారం తక్కువ. 2025లో దానికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అలా వాడు చపాటా అయ్యాడు. వారం తిరక్కుండానే పశువుల డాక్టర్ ఆ పొట్ట నొక్కి చూసి, ఇది బలం కాదు, నులిపురుగులు అన్నారు. మందు పడ్డాక పొట్ట పోయింది. పేరు మార్చడానికి పాప ఒప్పుకోలేదు.

ఇక జాతి గొడవ ఎందుకొచ్చిందంటే, మేం దేశాయిపేటలో అద్దెకుంటాం. కింద ఓనరమ్మ, పైన మేము. కుక్క సంగతి ముందే చెప్పి అడిగితే ఆమె కాసేపు ఆలోచించి, “చిన్నదైతే ఉంచుకో బిడ్డా. మోకాలు దాటితే మాత్రం నా ఇంట్ల వద్దు” అంది. అంటే వీడు ఎంత ఎదుగుతాడన్నది మాకు సరదా ప్రశ్న కాదు, ఇంటి ప్రశ్న.

పక్కింటి ఆటో అన్న చూడగానే తేల్చేశాడు. “షెపర్డ్ క్రాస్ అన్నా, ఖాయం. వీపు చూడు, మూతి చూడు.” జర్మన్ షెపర్డ్ మగది ముప్పై కిలోలు దాటుతుంది, మోకాలు ఎప్పుడో దాటుతుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా బామ్మర్ది కరీంనగర్‌లో ఉంటాడు. వాట్సాప్‌లో ఫొటో చూసి, చెవులు వాలాయి కాబట్టి లాబ్రడార్ అన్నాడు. కిరాణా సేటు తోక చూసి పామరేనియన్ కలిసింది అన్నాడు. నాకు ఆయన మాటే నచ్చింది, ఎందుకో వేరే చెప్పాలా? మార్కెట్‌లో హమాలీ కాక ఫొటో పెద్దది చేసి కాళ్లు చూసి, “ఇది వేటకుక్క, కర్ణాటకల ఉంటయి చూడు” అన్నాడు. ముధోల్ కుక్క అన్నమాట. 2005లో పోస్టల్ స్టాంపు కూడా వచ్చిన జాతి అది. కాక ఊహ వినడానికి గొప్పగానే ఉంది కానీ, హంటర్ రోడ్డు కల్వర్టు కిందికి ముధోల్ ఎలా వచ్చిందో ఆయన చెప్పలేదు.

మా అమ్మది పరకాల వైపు పల్లె. చపాటాని ఒక్క చూపు చూసింది. “ఊరకుక్కే కదరా. మన వాకిట్ల ఎన్ని పెరగలే?” అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

తర్వాత నెలల్లో వాడి ఒళ్లే ఒక్కొక్కరి మాట చెరిపేస్తూ వచ్చింది. వీపు మీద నలుపు పలచబడి మార్చికల్లా దాదాపు మాయమైంది. గోధుమరంగు కుక్కపిల్లల్లో కొన్ని ఇలా నల్లని వెంట్రుకలతో పుట్టి, పెరిగేకొద్దీ తేలిపోతాయని డాక్టర్ చెప్పారు. షెపర్డ్ అలా పోయాడు. చెవులు ఒకరోజు ఒకటి లేచింది, రెండోది లేవలేదు. పళ్లు మారే వయసులో లేచిన చెవి మళ్లీ వాలింది, ఆ తర్వాత రెండూ నిలబడ్డాయి. లాబ్రడార్ కూడా పోయాడు. తోక వంకర తిరిగి వీపు మీదికి వచ్చింది. కుక్క తోక వంకర అని ఊరికే అన్నారా మనవాళ్లు! టీకా కార్డులో జాతి గడిలో డాక్టర్ ‘ఎన్.డి.’ అని రెండక్షరాలు రాశారు, నాన్ డిస్క్రిప్ట్ అని. ఫలానా జాతి అని చెప్పలేనివాటికి వాళ్లు అలాగే రాస్తారట. ఆటో అన్నకి ఆ కార్డు చూపిస్తే, “డాక్టర్లకేం తెల్సు” అన్నాడు.

ఫోన్‌లో దీని గురించి చదువుతూ పోతే ఒక పాత ప్రయోగం కనబడింది. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నిలబడ్డ చెవుల బసెంజీని, వేలాడే చెవుల కాకర్ స్పానియల్‌ని కలిపి పిల్లల్ని పుట్టించి చూశారు. ఆ పిల్లలు, వాటి పిల్లలు చాలావరకు అటు పోలికా లేవు, ఇటు పోలికా లేవు. తాతలెవరో రాసిపెట్టుకున్న చోటే అలా ఉంటే, కల్వర్టు కింద పుట్టినవాడి ముఖం చూసి మనమేం చెప్తాం? ఇంకోటి, 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన. రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు చూశారు. కుక్కకీ కుక్కకీ ప్రవర్తనలో కనబడే తేడాల్లో జాతి వల్ల వచ్చేది 9 శాతం దగ్గరే ఆగిందట.

ఇది చదివినప్పుడు నాకు మా యార్డే గుర్తొచ్చింది. నేను కాయ చూసి రకం చెప్పగలిగేది విత్తనం ఒక్కటే కాబట్టి. అయినా సరే, రెండు తేజ లాట్లకి ఒకే ధర ఎప్పుడైనా పడిందా? ఒకదాంట్లో తేమ, ఇంకోదాంట్లో తాలు. ఖరీదుదారు రకం పేరు విని ఊరుకోడు, బస్తాలో చెయ్యి పెట్టి కాయ తీసి విరిచి చూస్తాడు. విత్తనం తెలిసిన సరుకే అలా ఉంటే, విత్తనమే తెలియని మావాణ్ని ఇంట్లో ఉన్నవాణ్ని ఉన్నట్టు చూసుకోవడమే నయం అనిపించింది.

అలా చూస్తే మొదట తెలిసింది వాడి ముక్కు సంగతి. ఫిబ్రవరి అంటే మాకు సీజన్ మొదలు, ఒళ్లంతా మిర్చి ఘాటే. నేను గేటు తీయగానే పరుగెత్తుకొచ్చేవాడు, కాళ్ల దగ్గరికి రాగానే ఆగిపోయి వరసగా తుమ్మేవాడు. ముందు కాళ్లతో మూతి రుద్దుకుని, నా వైపు ఒకసారి చూసి, మళ్లీ తోక ఊపుతూ వచ్చి మళ్లీ తుమ్మేవాడు. ఇప్పుడు బట్టలు బయటే విప్పి, స్నానం చేశాకే వాణ్ని ముట్టుకుంటాను. ఏళ్లుగా మా ఆవిడ చెప్పి చెప్పి విసిగిన పని ఇది. “నేను చెప్తే వినలే, కుక్క చెప్తే విన్నడు” అని ఆమె ఊరంతా చెప్తోంది.

తిండి దగ్గర మా అమ్మతోనే యుద్ధం. ఆమె లెక్కలో కుక్కకి పాలన్నం పెట్టాలి. పెట్టింది, వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. పాలు చాలా కుక్కలకి పడవని డాక్టర్ అన్నాక పెరుగన్నం, ఉడికిన గుడ్డు, జొన్నరొట్టె ముక్క. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ వేసిన కూర వద్దే వద్దు, అవి కుక్క రక్తాన్ని దెబ్బతీస్తాయి. ఉడికిన కోడి ఎముకలు కూడా వద్దు, చీలి పేగులకి గుచ్చుకుంటాయి. “మా ఊళ్లె అన్నీ తిన్నయి” అంటుంది అమ్మ. తిన్నవాటిలో ఎన్ని బతికాయమ్మా అంటే మాట మారుస్తుంది.

పళ్లు మారేటప్పుడు చేతులు, చెప్పులు, ఓనరమ్మ చాట, ఏదీ వదల్లేదు. ఫ్రిజ్‌లో పెట్టిన క్యారెట్ ఇస్తే కాస్త ఊరట. ఒక ఉదయం చాప మీద చిన్న పాలపన్ను దొరికితే పాప జామెట్రీ బాక్సులో దాచుకుంది. పార్వో, డిస్టెంపర్ టీకాలు మూడు నాలుగు వారాల తేడాతో వేయించాం. మూడో నెల నిండాక రేబిస్ టీకా. ఆ కార్డు తీసుకెళ్లి ముందు ఓనరమ్మకే చూపించాను, కింద ఆమె మనవలు ఆడుకుంటారు కాబట్టి. టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధి మట్టిలో వదలొద్దన్నారు. కానీ కొత్త మనుషుల్ని, చప్పుళ్లని చిన్నప్పుడే అలవాటు చేయాలన్నారు. అందుకని పాప వాణ్ని చంకనేసుకుని గేటు దగ్గర నిలబడి ఆటోలు, బండ్లు, పాలవాణ్ని చూపించేది. వినాయక నిమజ్జనం డప్పులకి మావాడు బెదరలేదంటే అదే కారణం అనుకుంటాను. ఎండాకాలంలో గోమార్లు పట్టాయి, మందు వేయించాం, దాని గురించి చెప్పుకోడానికి ఏం లేదు.

మరి మోకాలు? నాలుగో నెలలో కిరాణా కొట్టు కాంటా మీద గోనెపట్టా పరిచి తూచాం. కదలకుండా ఉండాలి కదా, సేటు బెల్లం ముక్క చూపిస్తే కదలలేదు. ఏడున్నర కిలోలు. మధ్యరకం కుక్క నాలుగు నెలలకి తన పూర్తి బరువులో దాదాపు సగం ఉంటుంది, రెట్టింపు వేసుకోండి అన్నారు డాక్టర్. ఇన్ని ఊహల్లో నిలబడ్డది ఆ కాంటా లెక్కే. వానాకాలంలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయ్యాక తూచితే పదహారు. అయితే బరువు లెక్క కుదిరింది కానీ, కాళ్లు మాత్రం సాగాయి. చపాటా అని పేరు పెట్టినవాడు తేజ కాయలా సన్నగా, పొడుగ్గా తయారయ్యాడు. దసరాకి వాడి వీపు నా మోకాలు దాటింది.

బతుకమ్మ పేర్చేరోజు ఓనరమ్మ వరండాలో గునుగు, తంగేడు ముందేసుకుని కూర్చుంది. వీడు వెళ్లి గునుగు కట్ట నోట కరుచుకున్నాడు. నేను మెట్లు దిగేసరికి ఆమె వాడి చెవి పట్టుకుని పువ్వులు లాక్కుంటోంది. ఇదే సమయమని నేనే ఎత్తాను, అమ్మా, వీడు మోకాలు దాటాడు అని. ఆమె తల ఎత్తకుండానే, “ఎవరి మోకాలన్ననో గుర్తుందా? మా ఆయన మోకాలు. ఆయన ఆరడుగులు” అంది. ఆ మాట అప్పుడు ఆమె అనలేదు. నేను గుర్తు చేయలేదు.

బామ్మర్ది ఇంకా వదల్లేదు. డీఎన్‌ఏ పరీక్ష కిట్ కొనిపెడతానంటున్నాడు. కొన్ని కంపెనీలు మన దగ్గరి వీధికుక్కలకి ‘దక్షిణాసియా ఊరకుక్క’ అనే ఫలితం ఇస్తాయట. అంత డబ్బు పోసి తెలుసుకునేది మా అమ్మ వంటింట్లోకి వెళ్తూ ఉచితంగా చెప్పేసింది కాబట్టి వద్దన్నాను. ఓనరమ్మ మాత్రం గ్యాస్ బండ తెచ్చే అబ్బాయికి, “పైకి చూసుకుంట పో, షెపర్డ్ ఉన్నది” అని చెప్తోంది. ఆటో అన్న దానికి సాక్ష్యం.