గుమ్మం, గోడ, బల్ల: బంధువులంతా కలిసే రోజుకు ఈ మూడింటి అలంకరణ చాలు

నలభై యాభైమంది బంధువులు ఒకచోట కలుస్తున్నారంటే అలంకరణ ఖర్చు పెరిగేది ఒకే కారణంతో: హాలంతా నింపాలనుకోవడం. వచ్చినవాళ్ళ చూపు ఆగేది గుమ్మం దగ్గర, ఫొటోలు దిగే గోడ దగ్గర, భోజనాల బల్ల మీద. మిగతా గోడల్ని వాటి మానాన వదిలేయండి. జనం నిండాక అవి ఎటూ కనబడవు.

డబ్బు పెట్టాల్సింది పూల మీద. హైదరాబాద్‌లో మెహదీపట్నం పక్కన గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి తెల్లవారుజామునే వెళ్తే వీధి చివర మూర లెక్కన కొనేదానికన్నా విడిపూలు కిలోల్లో చాలా చవక. కాకపోతే తేదీ చూసుకోవాలి. పెళ్ళి ముహూర్తాలు, శ్రావణ శుక్రవారాలు, బతుకమ్మ నుంచి దసరా దాకా ధర ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. కలిసే రోజు మీ చేతిలో ఉంటే ముహూర్తం లేని ఆదివారం పెట్టుకోండి. బతుకమ్మ రోజుల్లోనే కలుస్తుంటే బంతి తగ్గించి గునుగు ఎక్కువ తెచ్చుకోండి. అది ఎండినా రాలదు, ఆకారం చెడదు, రెండ్రోజుల ముందే కట్టిపెట్టుకోవచ్చు.

ఇక లెక్క. మధ్యరకం బంతిపూలు కిలోకి సుమారు 100 నుంచి 120 దాకా తూగుతాయి. దబ్బనంతో తొడిమ నుంచి నడిమికి గుచ్చి దగ్గరగా జరిపితే ఒక్కో పువ్వు 3 సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. అంటే 4 అడుగుల దండకి 40 పూలు. 3 అడుగుల గుమ్మానికి అటూఇటూ రెండు దండలు, పైన తోరణానికి 9 మామిడాకులు, వాటి మధ్యా, రెండు చివర్లా కలిపి 10 పూలు. మొత్తం 90. ఒక్క కిలోతో గుమ్మం అయిపోతుంది, నలిగిన పూలు తీసేసినా సరిపోతుంది. ప్రతి ఐదు పూలకి ఒక మడిచిన మామిడాకు గుచ్చితే పూలు ఇంకా తగ్గుతాయి, పచ్చదనం వల్ల దండ నిండుగానూ ఉంటుంది. తోరణం పురికొస గుమ్మం వెడల్పుకన్నా అటో అడుగు, ఇటో అడుగు ఎక్కువ ఉంచండి. అంతా గుచ్చాక ముడికి తాడు చాలకపోవడం చాలామంది చేసే తప్పు.

పూలు పాడయ్యేది ఎండకన్నా ప్లాస్టిక్ కవర్ వల్లే ఎక్కువ. కవర్లో మూతి కట్టి ఉంచితే లోపల చెమట పట్టి తెల్లారేసరికి రేకలు నల్లబడతాయి. తెచ్చిన వెంటనే వెదురు బుట్టలోనో పేపరు మీదో పలుచగా పరవండి. బంతిని ముందు రోజు సాయంత్రం గుచ్చి, తడిపి గట్టిగా పిండిన గోనెపట్టా కప్పితే చాలు. నీళ్ళు గుమ్మరించకండి, ముద్దబంతి లోపల నీరు నిలిస్తే మధ్యలోంచి కుళ్ళు మొదలవుతుంది. లిల్లీ, మల్లె మాత్రం ఆ పూట పొద్దునే కట్టాలి. మామిడాకులు కూడా తడిగుడ్డలోనే ఉంచండి, ఎండ తగిలే గుమ్మానికైతే పొద్దున్నే కట్టాలి, లేకపోతే మధ్యాహ్నానికి చుట్టుకుపోతాయి.

ఫొటోలు దిగే గోడకి బట్ట కొనకండి. ఇంట్లో చీరలున్నాయి. చీర 5.5 మీటర్లు, పన్నా దాదాపు 45 అంగుళాలు. మధ్యకి మడిచి తాడు మీద వేస్తే 9 అడుగులు దిగుతుంది, వెనక రెండో పొర ఉంటుంది కాబట్టి గోడ కనబడదు. కుచ్చిళ్ళు పెట్టి 2 అడుగుల్లోకి కుదిస్తే 8 అడుగుల గోడకి నాలుగు చీరలు కావాలి. ఎత్తు తక్కువైతే మిగిలింది వెనక్కి మడిచి క్లిప్పు పెట్టేయండి, నేలకి తగలనివ్వకండి. అమ్మమ్మ, నానమ్మల చీరలైతే ఇంకా మంచిది, ఏది ఎవరిదో పోల్చుకుంటూ సగం కబుర్లు అక్కడే నడుస్తాయి. పిన్నీసులు మాత్రం వద్దు, పట్టుకి చిల్లు పడితే పూడదు. ఫైళ్ళకి పెట్టే నల్ల క్లిప్పులు వాడండి, క్లిప్పు కింద చిన్న గుడ్డముక్క పెట్టండి. బంతిదండ నేరుగా చీర మీద వేలాడదీస్తే పసుపు మరక అంటుకుంటుంది. దండకి వేరే తాడు కట్టి, జానెడు ముందుకి లాగండి.

డబుల్ టేపుతో గోడకి ఏదీ అంటించొద్దు. డిస్టెంపర్ గోడైతే టేపుతోపాటు రంగు పెచ్చు ఊడి వస్తుంది, అద్దె ఇంట్లో అయితే ఆ ఖర్చూ మీదే. కిటికీ గ్రిల్లు, కర్టెన్ రాడ్డు, తలుపు గొళ్ళెం ఉన్నవైపే గోడ ఎంచుకుని తాడు లాగండి.

దాని పక్కనే పాత ఫొటోల తాడు. 10 అడుగుల తాడుకి 4×6 సైజు నిలువు ఫొటోలు, మధ్య 2 అంగుళాలు వదిలితే 20 పడతాయి. అడ్డం ఫొటోలైతే 15. ప్రతి 5 అడుగులకి ఒక ఆధారం లేకపోతే తాడు నడుమ జారి ఫొటోలన్నీ మధ్యలోకి పోగవుతాయి. బట్టల క్లిప్పులు చాలు. అసలు ఫొటోలు కట్టకండి, ఫ్యాన్ గాలికి ఒకటి పడినా మళ్ళీ రాదు. కిటికీ వెలుగులో ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో తీసి ప్రింట్ వేయించండి. ఊళ్ళోవాళ్ళు పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలు ఫొటోగా పంపితే కుదించుకుపోయి, ప్రింట్‌లో మొహాలు అలుక్కుపోతాయి. 4×6కి 1200×1800 పిక్సెళ్ళుంటే స్పష్టంగా వస్తుంది.

బెలూన్ల జోలికి పోకపోవడమే మేలు. మే నెలలో డాబా మీద కడితే లోపలి గాలి వేడెక్కి ఒక్కొక్కటే పేలుతుంది. పిల్లలు పట్టుబడితే ముప్పావు వంతే ఊది నీడలో కట్టండి. థర్మోకోల్ అక్షరాలు అసలే వద్దు. అలంకరణ థర్మోకోల్, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు, 100 మైక్రాన్లకన్నా పలుచని పీవీసీ బ్యానర్లు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. ఇంటిపేరు అక్షరాలు కావాలంటే చార్టు మీద రాసి కత్తిరించుకోండి.

భోజనాల బల్ల మీద పూలు అడుగు ఎత్తు దాటకూడదు, ఎదుటి మనిషి మొహం కనబడాలి కదా. ఊరగాయ జాడీలు, స్టీలు చెంబులే కుండీలు. నడుమ వెడల్పాటి ఇత్తడి గంగాళంలో నీళ్ళు పోసి పూలు వదిలితే అంతకన్నా ఇంకేం పెట్టినా ఎక్కువే.

ముగ్గు విషయంలో జాగ్రత్త. టైల్స్ మీద పొడిముగ్గు ఫ్యాన్ గాలికి లేస్తుంది, పెద్దవాళ్ళ కాలు జారుతుంది. రెండు గంటలు నానిన బియ్యం రుబ్బి తడిముగ్గు వేసి ఆరనివ్వండి. పూలరేకల ముగ్గైతే నడిచే దారికి పక్కగా, 3 అడుగుల వెడల్పు గుండ్రానికి ముప్పావు కిలో బంతి సరిపోతుంది. దండలకి పనికిరాని నలిగిన పూలన్నీ ఇక్కడికే.

అంతా అయ్యాక చీరల్ని ఆ రాత్రే మడిచి బీరువాలో పెట్టకండి. భోజనాల వాసన, చెమ్మ పట్టి ఉంటాయి. ఒక రాత్రంతా నీడపట్టున ఆరవేసి, క్లిప్పులు పెట్టిన చోట జరీ ముడతపడిందేమో చూసి, ఆ మడతలో కాకుండా వేరే మడత వేసి ఎవరిది వాళ్ళకి ఇచ్చేయండి.