7కీ 19కీ మధ్య ఒక స్విచ్

శనివారం. ఎండెక్కకముందే కారు పని ముగించాలని నేనూ నాన్నా రాత్రే అనుకున్నాం. ఇక్కడ టెక్సాస్‌లోని ప్లేనోలో అక్టోబరు వచ్చినా పది దాటితే డ్రైవ్‌వే మీద కూర్చోలేం. అమ్మ ఇచ్చిన కాఫీ తాగి ఆరున్నరకే మొదలుపెట్టాం.

నాది 1997 బీఎండబ్ల్యూ 328ఐ. ఆయిల్ మార్చడం నాకు అలవాటే. కింద 17 నంబరు బోల్టు విప్పి పాత ఆయిల్ వదిలేయాలి. ఫిల్టరు పైనుంచే వస్తుంది. ఆరున్నర లీటర్ల కొత్త ఆయిల్ పోసి, చేతులు తుడుచుకునేసరికి ఎనిమిది. ఈ రోజు అసలు పని ఆ తర్వాతే: సర్వీసు గుర్తుచేసే లైట్లని మళ్లీ మొదటికి తేవడం.

ఈ కారు మీటరు బోర్డులో ఐదు ఆకుపచ్చ లైట్లు, ఒక పసుపు, ఒక ఎరుపు వరసగా ఉంటాయి. సర్వీసు ఇంకా దూరంగా ఉంటే తాళం తిప్పగానే ఐదు ఆకుపచ్చవీ వెలుగుతాయి. దగ్గరపడేకొద్దీ ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చి పసుపు పడుతుంది, అదీ దాటితే ఎరుపు. ఎన్ని మైళ్లు తిరిగిందన్నదే కాదు, ఇంజిన్ ఎంత వేగంగా తిరిగింది, ఎంత వేడి మీద ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఇది విని నాన్న ఎంత సంతోషపడ్డారో! తెనాలి ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేశారు. "మాకు రిజిస్టరులో కిలోమీటర్లే గదరా. లోడు మీద తిరిగిన బండికీ ఖాళీగా తిరిగిన బండికీ ఒకటే లెక్క" అన్నారు.

ఇంత లెక్క తెలిసిన బోర్డుకి ఆయిల్ మారిన సంగతి మాత్రం తెలియదు. ఎవరో ఒకరు చెప్పాలి. పోయినసారి ఒక షాపులో ఆయిల్ మార్పించాను. వాళ్లు లైటు అలాగే వదిలేశారు. వెనక్కి వెళ్లి అడిగితే దానికి వేరే మెషిన్ పెట్టాలి, చార్జీ విడిగా అన్నారు. ఏడు నెలలు ఆ ఎర్ర లైటు చూస్తూనే నడిపాను. రోజూ వెలిగే లైటుని కన్ను పట్టించుకోవడం మానేస్తుంది. నాకు భయమేసింది అందుకే.

బానెట్ కింద, ప్యాసింజర్ వైపు, గుండ్రటి నల్ల మూత ఒకటుంటుంది. తిప్పి తీస్తే లోపల 20 పిన్నుల సాకెట్. అందులో 7వది ఈ లైట్లది, 19వది ఎర్త్. తాళం ఆన్‌లో పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, ఆ రెండింటినీ మూడు సెకన్లు కలిపితే ఆయిల్ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. అంతే. నేనైతే ఒక వైరు ముక్క గుచ్చి పని కానిచ్చేవాణ్ని. నాన్న ఒప్పుకోలేదు.

"14లో ఏముందిరా?"

"బ్యాటరీ కరెంటు నాన్నా. ఎప్పుడూ ఉంటుంది."

"మరి ఉత్త వైరు పట్టుకుని దాని పక్కన చెయ్యి ఆడిస్తావా?"

అలా తయారైంది మా పనిముట్టు. నాన్న హోమియో మాత్రల తెల్ల డబ్బా ఖాళీది ఒకటి, కాలింగ్ బెల్ స్విచ్ ఒకటి, ఒక ఆంపియర్ ఫ్యూజు, రెండు మూరల వైరు. డబ్బా మూతకి వేడి చేసిన మేకుతో బెజ్జం పెట్టి స్విచ్ బిగించారు. వైరు చివర్లకి గట్టి రాగి తీగ ముక్కలు టంకం పెట్టి, మొన మాత్రం వదిలి మిగతాదంతా స్లీవ్ తొడిగారు. తీగ మందం దగ్గర చాలాసేపు పట్టింది. మొదటి ముక్క కొంచెం లావు. నేను నొక్కబోతే చెయ్యి పట్టుకున్నారు. "బలవంతం చెయ్యకు. లోపల రేకు విచ్చుకుందంటే మళ్లీ పట్టు దొరకదు." ఆకురాయితో నాలుగుసార్లు రుద్ది, పెట్టి చూసి, మళ్లీ రుద్ది, చివరికి మెత్తగా దిగేలా చేశారు. డెబ్బై రెండేళ్ల వేళ్లు, వణుకు లేదు. తర్వాత మల్టీమీటరు పెట్టి 19 నిజంగా ఎర్తేనా అని కూడా చూశాకే సరే అన్నారు.

తాళం తిప్పడానికి నాన్న స్టీరింగ్ ముందు కూర్చున్నారు. నేను బానెట్ దగ్గర. ఒకటి, రెండు, మూడు అని గబగబా లెక్కపెట్టి వదిలేశాను.

"ఎరుపే ఉందిరా."

రెండోసారి ఆయనే చేతి వాచీ చూస్తూ "నొక్కు" అన్నారు. మూడు సెకన్లు అంత పొడుగ్గా ఉంటాయని అప్పుడే తెలిసింది. "వదులు" అన్నారు. తాళం ఆపి మళ్లీ తిప్పారు. కాసేపు మాట లేదు.

"ఐదూ వచ్చాయిరా! ఆకుపచ్చవి!"

పరుగెత్తి వెళ్లి కిటికీలోంచి చూశాను. ఇద్దరం అలా చూస్తూనే ఉన్నాం, అమ్మ ఉప్మా చల్లారిపోతోందని పిలిచేదాకా.

మా ఆవిడ కారులో ఇవేవీ అక్కర్లేదు, స్క్రీన్ మీద నొక్కితే చాలు. ఉండనీ.

తర్వాత వెలిగేది ఇన్‌స్పెక్షన్ లైటు, అంటే కారంతా ఒకసారి చూడమని చెప్పేది. దానికి అవే పిన్నులు, కాకపోతే 12 సెకన్లు నొక్కి పట్టాలి. అప్పటికి నాన్న తెనాలిలో ఉంటారు. అందుకేనేమో మధ్యాహ్నం భోజనమయ్యాక డబ్బా మీద తెల్ల ప్లాస్టరు అంటించి, డిపో రిజిస్టరులో రాసినట్టు గుండ్రటి అక్షరాలతో రాశారు: "7 – 19. ఆయిల్ 3 సె. ఇన్‌స్పెక్షన్ 12 సె." కింద ఎర్ర పెన్నుతో, రెండు గీతలు కొట్టి: "14 ముట్టకు."