హుక్ తగిలించే ముందు బండి చుట్టూ ఒకసారి

రికవరీ పనిలో చేరేనాటికి నాకు పెద్ద బండ్లు నడిపిన అనుభవం తొమ్మిదేళ్ళు ఉంది. ఇరుకు సందులో లారీ రివర్స్ తీయగలను, చీకట్లో టైరు మార్చగలను. ఆగిపోయిన కారును ఎక్కించుకొచ్చి దించడమే కదా, వారంలో వచ్చేస్తుందనుకున్నాను. మొదటి నెలంతా మా సీనియర్ నన్ను వించ్ (తాడును డ్రమ్ముకు చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం) రిమోట్ ముట్టుకోనివ్వలేదు. ప్రతి కాల్‌కీ నా పని ఒక్కటే. బండి చుట్టూ ఒకసారి నడిచి, చూసింది చూసినట్టు ఆయనకు చెప్పాలి.

ఏ చక్రం తిరుగుతోంది, ఏది బిగుసుకుంది? కింద ఏమైనా కారుతోందా? కారేది నీళ్ళా, ఆయిలా, పెట్రోలా? స్టీరింగ్ ఎటు తిరిగి ఉంది? ముందే పడ్డ గీతలు, సొట్టలు ఎక్కడెక్కడ ఉన్నాయి? వాటికి ఫోటోలు తీయాలి. దించాక ‘ఈ గీత ఎవరు గీశారు’ అనే మాట వస్తే మన తరఫున మాట్లాడేవి ఆ ఫోటోలే. నాకు విసుగొచ్చేది. ఒకసారి ఉండబట్టలేక, "చూశాను అన్నా, బండి ఆగిపోయింది, అంతే" అన్నాను.

"ఎందుకు ఆగిందో మెకానిక్ చూసుకుంటాడు తమ్ముడూ. ఎలా కదులుతుందో చూసుకోవాల్సింది మనం" అన్నాడాయన.

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. రెండో నెలలో ఒకాయన కారు వెనక టైర్లు రెండూ పాడుచేశాక ఎక్కింది. బ్యాటరీ పూర్తిగా డౌన్ అయిన కారు అది. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ వేసి ఉంది. అందులో హ్యాండ్‌బ్రేక్ లివర్ ఉండదు, బటనే. కరెంటు లేకపోతే ఆ బటన్ ఎంత నొక్కినా ఏమీ కాదు. సీనియర్ వెనక ట్రాఫిక్ చూసుకుంటున్నాడు. వించ్‌కి బలం ఉంది కదా అని నేను లాగేశాను. బలం ఉంది కాబట్టే కారు కదిలింది. వెనక చక్రాలు తిరక్కుండా రోడ్డు మీద రెండు నల్లటి చారలు గీసుకుంటూ వచ్చాయి. రబ్బరు కాలిన వాసన వచ్చాక ఆపాను. రెండు టైర్లూ నేలకు ఆనినచోట చదునుగా అరిగిపోయాయి. ముందు జంప్ ప్యాక్ అనే చిన్న బ్యాటరీ తగిలించి కరెంటిచ్చి, బ్రేక్ తొక్కి బటన్ నొక్కి ఉంటే చాలా కార్లలో విడిపోతుంది. అప్పటికీ విడకపోతే చక్రాల కింద ప్లాస్టిక్ స్కేట్లు పెట్టి జార్చాలి. రెండూ మా బండి టూల్ బాక్సులోనే ఉన్నాయి. ఆ కారాయన ముందు నిలబడి తప్పు నాదేనని చెప్పడం ఆ రోజు నాకు చాలా కష్టమైంది.

తర్వాత ఫోన్ ఎత్తే పని కూడా నాకే అప్పగించారు. సరైన ప్రశ్నలు అడగకపోతే సరైన సామాను లేకుండా వెళ్తాం. ఏ మోడల్? మాన్యువలా, ఆటోమేటిక్కా? నాలుగు చక్రాలకూ పవర్ వెళ్ళే బండా? రోడ్డు మీదే ఉందా, పక్కకు దిగిపోయిందా? బేస్‌మెంట్‌లో ఉంటే పైకప్పు ఎత్తు ఎంత? ఆటోమేటిక్ గేర్‌బాక్సులో సాధారణంగా ఆయిల్ తిప్పే పంపు ఇంజిన్‌తో పాటే తిరుగుతుంది. ఇంజిన్ ఆగి ఉండగా, పవర్ వెళ్ళే చక్రాలను నేల మీద దొర్లిస్తూ దూరం తీసుకెళ్తే లోపలి భాగాలు ఆయిల్ అందక వేడెక్కి పాడైపోతాయి. న్యూట్రల్‌లో ఉంచినా అంతే. ఎలక్ట్రిక్ కారులో చక్రం తిరిగితే మోటారు తిరుగుతుంది, మోటారు తిరిగితే కరెంటు పుడుతుంది, అదీ లోపలి భాగాలకు ముప్పే. వీటికి, నాలుగు చక్రాల డ్రైవ్ బండ్లకు ఫ్లాట్‌బెడ్డే, అంటే వెనకున్న వాల్చే బల్ల మీదికి కారును మొత్తంగా ఎక్కించుకునే బండే సరైనది. "దగ్గరే కదండీ, తాడు కట్టి లాగేయండి" అని చాలామంది బతిమాలతారు. వాళ్ళ తొందర నాకు అర్థమవుతుంది. అయినా ఒప్పుకోను. బండి స్టార్టవడం లేదని పిలిచిన మనిషికి గేర్‌బాక్స్ ఖర్చు కూడా తెచ్చిపెట్టడం నాకు ఇష్టం లేదు.

ఈ పనిలో నేను నిజంగా భయపడింది నాలుగో నెలలో. వాన వెలిసిన సాయంత్రం, రోడ్డు పక్క పల్లంలోకి దిగిపోయిన కారు. చక్రాలు సగానికి పైగా బురదలో ఉన్నాయి. గట్టి రోడ్డు మీద న్యూట్రల్‌లో ఉన్న కారును ఇద్దరు మనుషులు తోసేస్తారు. ఫ్లాట్‌బెడ్ వాలు మీదికి ఎక్కించడానికి కూడా కారు బరువులో ఐదోవంతో నాలుగోవంతో లాగుడు సరిపోతుంది. అదే కారు చక్రాల మధ్య దాకా బురదలో కూరుకుంటే దాని బరువంత లాగాలని మా పనిలో లెక్క వేసుకుంటాం. గట్టు ఎక్కించాలంటే అది అదనం. పైగా వించ్ మీద రాసి ఉండే సామర్థ్యం డ్రమ్ము మీద తాడు ఒక్క వరుసే ఉన్నప్పటిది. వరుసలు పెరిగేకొద్దీ లాగే శక్తి తగ్గుతుంది. అందుకని తాడు బాగా బయటికి తీసి, స్నాచ్ బ్లాక్ అనే కప్పీని కారుకు తగిలించి, దాని చుట్టూ తిప్పిన తాడు చివరను మళ్ళీ మా బండికే కట్టాం. ఇలా చేస్తే వించ్ మీద భారం సగమవుతుంది, కారు కదిలే వేగమూ సగమవుతుంది.

కారుకు కొక్కెం బిగించడం నా వంతు. చాలా కార్లలో బంపర్‌కి చిన్న మూత ఉంటుంది. అది తీసి, స్టెప్నీ సామానుతో వచ్చే కొక్కేన్ని మర తిప్పి లోపలికి బిగించాలి. కొన్ని కార్లకు ఎడమ మర ఉంటుంది, మామూలుగా తిప్పితే పట్టదు. ఇది పట్టింది. నాలుగైదు చుట్లు తిరిగి గట్టిగా ఆగింది. పూర్తిగా దిగిందనే అనుకున్నాను. కన్నంలో మట్టి పేరుకుని ఉందని చూసుకోలేదు.

తాడు బిగిసే ముందు సీనియర్ దాని మీద బరువైన పాత పట్టా ఒకటి వేశాడు. నన్ను తాడు దారిలోంచి పక్కకు, బాగా దూరంగా జరగమన్నాడు. నేను రెండడుగులు జరిగాను. "ఇంకా" అని అరిచాడు. ఇంకా జరిగాను. వించ్ మూలగడం మొదలైంది, కారు ఒక జానెడు కదిలింది, అప్పుడు టప్ మని శబ్దం. కొక్కెం కప్పీతో సహా ఊడి మా బండి వైపు ఎగిరింది. పట్టా బరువుకు మధ్యలోనే నేలకు కొట్టుకుని బురదలో పడింది. మొదట నేను నిలబడ్డ చోటికి అది పడ్డ చోటు చాలా దగ్గర.

ఆయన తిట్టలేదు. కొక్కెం తుడిచి నా చేతికిచ్చి, మరలో ఎంత మేర కొత్తగా గీసుకుపోయిందో చూడమన్నాడు. నాలుగు చుట్లు. మిగతాదంతా తుప్పు రంగులో అలాగే ఉంది. బ్రష్‌తో కన్నం శుభ్రం చేసి మళ్ళీ తిప్పితే మర మొత్తం దిగింది. ఈ కొక్కెం నేరుగా లాగడానికే తప్ప పక్కకు గుంజడానికి కాదని కూడా అప్పుడే చెప్పాడు. బురద ఎక్కువగా ఉన్నా, ఏటవాలుగా లాగాల్సి వచ్చినా ఇప్పుడు నేను దాని జోలికి పోను, పట్టీ పట్టే గట్టి చోటు కింద వెతుక్కుంటాను. అప్పటి నుంచి ఏ మర బిగించినా ఎన్ని చుట్లు దిగిందో పైకే లెక్కపెట్టడం అలవాటైంది. పక్కనున్నవాళ్ళు వింతగా చూస్తారు, చూడనీ.

ప్రమాదంలో నలిగిన బండ్ల గురించి ఎక్కువ రాయను. రోడ్డు మీది గాజు ముక్కలు ఊడ్చాకే మేం కదలాలి, లేకపోతే వెనకొచ్చే బైకు వాళ్ళకు ముప్పు. ఢీకొన్న ఎలక్ట్రిక్ కారయితే హై వోల్టేజ్ కరెంటు వెళ్ళే ఆరెంజ్ రంగు కేబుళ్ళు ముట్టుకోను. దెబ్బతిన్న బ్యాటరీ గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు. అందుకే యార్డులో అలాంటి కారును మిగతా బండ్లకు కనీసం 15 మీటర్ల దూరంలో ఖాళీ జాగాలో పెడతాం.

ఆరో నెల చివర్లో నన్ను మొదటిసారి ఒంటరిగా పంపారు. రాత్రి రెండు దాటింది. హైవే మీద డ్యాష్‌బోర్డులో వేడి గుర్తు వెలిగి ఆగిన కారు. దూరం నుంచే నాకు కనబడింది కారు కాదు. దాని వెనక నిలబడి, ఫోన్ టార్చి ఊపుతున్న భార్యాభర్తలు. సాయం కోసం అలా నిలబడతారు, కానీ వెనక నుంచి వచ్చే బండి తూలితే మొదట తగిలేది వాళ్ళకే. నా బండిని వాళ్ళ కారు వెనక ఆపి, బీకన్ లైట్లు వేసి, ముందు వాళ్ళిద్దరినీ రెయిలింగ్ అవతలికి పంపాను. ఆయన అప్పటికే బానెట్ ఎత్తి రేడియేటర్ మూత తీయబోయి ఆగాడట. ఆగడం మంచిదైంది. వేడి మీద మూత తీస్తే లోపలి ఒత్తిడికి మరిగిన నీళ్ళు మొహం మీదికి చిమ్ముతాయి. నేను వెనక దూరంగా పెట్టిన హెచ్చరిక ట్రయాంగిల్, ఒక లారీ వెళ్ళిన గాలికే ఎగిరి పడింది. దాన్ని తెచ్చి మళ్ళీ పెట్టేటప్పుడు నా కాళ్ళు వణికాయి.

ఎక్కించడానికి ముందు కారును వెనక, నా బండిని ముందు ఉండేలా మార్చుకోవాలి. ఆ కాసేపు వెనక రక్షణ ఉండదు, అందుకే అన్నీ సిద్ధం చేసుకున్నాకే జరిగాను. వించ్ మీటలు ట్రాఫిక్ లేని వైపు నుంచే నడిపాను. నాలుగు చక్రాలకూ స్ట్రాప్‌లు వేశాను.

అప్పుడు తెలిసింది, కారు వెనక సీట్లో వాళ్ళమ్మ ఉందని. మోకాళ్ళ నొప్పులు, రెయిలింగ్ దాటలేక లోపలే ఉండిపోయిందట. నేను చుట్టూ నడిచాను, కారుతున్న కూలెంట్ చూశాను, గీతలకు ఫోటోలు తీశాను, నల్లటి అద్దం వెనకున్న మనిషిని చూడలేదు. బెడ్ మీదికి ఎక్కించేశాను కూడా. "క్యాబిన్ ఎక్కలేదండీ, అందులోనే ఉండనివ్వండి, నెమ్మదిగా పోదాం" అన్నాడు కొడుకు. కుదరదన్నాను. బెడ్ మీదున్న కారులో మనిషిని కూర్చోబెట్టి తీసుకెళ్ళకూడదు. స్ట్రాప్ ఒకటి తెగినా, నేను గట్టిగా బ్రేకు వేసినా లోపలున్నవాళ్ళకు దిక్కుండదు. స్ట్రాప్‌లు వేసిన కారు అలాగే ఉండగా, బెడ్‌ను మళ్ళీ కిందికి వాల్చి, ఆవిడను నేనూ కొడుకూ చెరోవైపు పట్టుకుని దించాం. టూల్ బాక్సును మెట్టుగా వేసి క్యాబిన్‌లోకి ఎక్కించడానికి పావుగంట పట్టింది. ఆవిడ నొచ్చుకోలేదు. "నన్ను చూడలేదా బాబూ" అని మాత్రం అడిగింది. చూడలేదమ్మా, తప్పయిపోయింది అన్నాను.

ఇప్పుడు చుట్టు తిరిగేటప్పుడు ప్రతి డోరూ తెరిచి చూస్తాను.

పది కిలోమీటర్లు పోయాక, వెలుతురున్న చోట బండి పక్కకు ఆపాను. "మళ్ళీ ఏమైంది?" అంది పెద్దావిడ కంగారుగా. ఏం లేదమ్మా, కట్లు చూసొస్తానని దిగాను. కారు బరువు సర్దుకున్నాక స్ట్రాప్‌లు కొంచెం వదులవుతాయి. మూడు గట్టిగానే ఉన్నాయి. వెనక ఎడమ చక్రానిది బిగింపు మీటతో రెండు పళ్ళు బిగించాల్సి వచ్చింది.