ఎడమ చక్రం స్టడ్డు

వర్క్‌షాపులో అడుగుపెట్టిన మొదటి రోజే నేనొక స్టడ్డు, అంటే చక్రం నట్టు ఎక్కే మర బోల్టు, విరగ్గొట్టాను. షెడ్డు చివర ముందు అద్దం బానెట్ మీదికి వాల్చి ఉండే పాత జీపు, నాతోపాటు అక్కడ పని నేర్చుకున్న మీకందరికీ గుర్తుండే ఉంటుంది. దాని ఎడమ ముందు చక్రం విప్పమన్నారు మాస్టారు. నట్టు కదిలితేనా! తుప్పు పట్టిందనుకున్నాను. పానాకి పైపు తొడిగి, దాని మీద ఎక్కి ఊగాను. కిర్రుమంది, తర్వాత టప్పుమంది, నేను కింద పడ్డాను. మాస్టారు వచ్చి ఒక్క మాటా అనలేదు. విరిగిన ముక్కని గుడ్డతో తుడిచి, చివర చెక్కి ఉన్న అక్షరం చూపించారు. 'ఎల్'. ఆ కాలపు జీపులకి ఎడమవైపు చక్రాల స్టడ్లు ఎడమ మరవి. విప్పాలంటే కుడికి తిప్పాలి. అంటే నేను అంతసేపూ చెమటలు కక్కుతూ దాన్ని బిగిస్తున్నానన్నమాట.

చక్రం తిరుగుతూ తిరుగుతూ నట్టుని వదులు చేస్తుందన్న భయంతో అలా చేసేవాళ్లు. తర్వాత వచ్చిన బళ్లలో చాలావాటికి రెండు వైపులా కుడి మరే.

ఆ జీపుది 1941 నాటి సైనిక జీపు వంశం. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేలోగా అలాంటివి 6 లక్షలకు పైగా తయారయ్యాయి. నాలుగు సిలిండర్ల ఇంజను, దాని సైజు 134 క్యూబిక్ అంగుళాలు, 60 హార్స్ పవర్, మూడు గేర్లు. సిలిండర్లు మండే వరస, అదే ఫైరింగ్ ఆర్డరు, 1-3-4-2 అని అర్ధరాత్రి లేపి అడిగినా చెప్పేవాళ్లం. సెన్సార్లు లేని బండి కనక తన బాధ ఏదైనా చప్పుడుతోనో, వాసనతోనో, వేడితోనో చెప్పుకునేది. అది వినడమే మా చదువు.

టూల్ రూము కిటికీకి వేలాడే పలకని మరిచిపోయినవాళ్లు ఉండరు. పానా కావాలంటే ముందు దాని మీద మూడు ముక్కలు రాయాలి. ఒక అనుమానం, ఇంకో అనుమానం, ఆ రెంటినీ విడదీసే పరీక్ష. పరీక్ష రాయలేకపోతే పానా ఇచ్చేవారు కాదు. ఇదేం చాదస్తమని వెనకాల నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వు స్టీరింగు వణుకు దగ్గర ఆగిపోయింది.

గంటకి 50 కిలోమీటర్లు దాటి చిన్న గుంటలో పడితే చాలు, ముందు చక్రాలు రెండూ పూనకం వచ్చినట్టు ఊగేవి. స్టీరింగు చేతుల్లో నిలిచేది కాదు. బండి దాదాపు ఆగేదాకా తగ్గేది కాదు. అలైన్‌మెంటు అన్నాడొకడు, టైర్లన్నాడు ఇంకొకడు. మాస్టారు జాకీ వేయించి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపమన్నారు. లోపల టకటకమని ఆట. సరే, ఆట ఉంది. అది చక్రం బేరింగుదా, స్టీరింగు తిప్పితే చక్రం ఏ కీలు మీద పక్కకి తిరుగుతుందో ఆ కింగ్ పిన్నుదా? పలక ముందు నిలబడి బుర్ర గోక్కున్నాం. ఆ పరీక్ష చివరికి ఆయనే చెప్పారు. "ఒకడు బ్రేకు తొక్కి పట్టుకోండి. ఇంకొకడు మళ్లీ ఊపండి."

బ్రేకు తొక్కితే డ్రమ్ము, దాని వెనక పళ్లెం ఒకటే ముద్దలా పట్టేసుకుంటాయి. బేరింగులో ఆట ఉంటే అది అక్కడితో మాయమవుతుంది. కింగ్ పిన్నులో ఉంటే బ్రేకుకి దాంతో సంబంధం లేదు కాబట్టి అలాగే ఉండిపోతుంది. ఊపాం. ఉంది. కింగ్ పిన్ను మూత విప్పి చూస్తే దాని కింద షిమ్ములు, అంటే సందు సర్దే పల్చటి రేకులు, దొంతరగా ఉన్నాయి. కొత్త బేరింగు వేశాక స్టీరింగు బిగువుగా తోచిందేమో, తేలిగ్గా తిరగాలని ఎవరో మహానుభావుడు షిమ్ము మీద షిమ్ము పెట్టుకుంటూ పోయాడు. అక్కడ షిమ్ము పెంచితే బేరింగు వదులవుతుంది, తీస్తే బిగుస్తుంది. కాగితంలాంటి ఆ రేకుల్ని ఒక్కొక్కటే తీస్తూ, స్ప్రింగు త్రాసు కొక్కెం తగిలించి లాగి, ఎంత బరువుకి కదులుతోందో చూస్తూ రెండు పూటలు కూర్చున్నాం. ముందు చక్రాల్ని కలిపే కడ్డీ కొస, అదే టై రాడ్ ఎండు, ఒకటి, ముందు కమాన్ల బుష్షులు కూడా మార్చాల్సి వచ్చింది. వణుకు పోయింది. ఇప్పుడు చాలామంది ఈ జబ్బుకి ఊపుని అణిచే స్టీరింగు డ్యాంపరు తగిలించి చేతులు దులుపుకుంటారు. నా దృష్టిలో అది రోగికి జ్వరం తగ్గించకుండా దుప్పటి కప్పడం.

సెల్ఫ్ సంగతి ఇంకా తమాషా. తాళం తిప్పితే గుర్రుమని మూలిగి ఆగేది. బ్యాటరీ, లేకపోతే సెల్ఫ్ మోటారు అని పలక మీద రాసి పానా కోసం చెయ్యి చాపాం. మాస్టారు మాత్రం ఇంజను దగ్గరికి పిలిచి, చల్లటి ఇంజనుని లేపేటప్పుడు లాగే చోకు తీగ ముట్టుకోమన్నారు. వెచ్చగా ఉంది! చోకు తీగలో కరెంటెందుకు పోతుంది? ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. దానికి ఎర్తు అందాలంటే మందపాటి పట్టీ ఒకటి ఛాసిస్ నుంచి ఇంజనుకి ఉండాలి. ఆ దారి మూసుకుపోతే కరెంటు ఊరుకోదు, చోకు తీగ లాంటి సందుల్లోంచి దూరుతుంది. మీటరు ఒక కొన బ్యాటరీ నెగెటివ్ దిమ్మ మీద, రెండో కొన ఇంజను బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాం. ఎర్తు బాగుంటే మీటరు పావు వోల్టు కూడా చూపించకూడదు. మాకు 2 వోల్టులు దాటింది. పట్టీ విప్పి చూస్తే కింద నిగనిగలాడే నల్ల రంగు. ఛాసిస్‌కి అందంగా రంగు వేసి, ఆ రంగు మీదే పట్టీ బిగించారెవరో. గీకి, బిగించి, సెల్ఫ్ కొడితే ఇంజను ఉలిక్కిపడి లేచింది. బ్యాటరీకి గానీ మోటారుకి గానీ ఏ జబ్బూ లేదు.

రెండుసార్లు ఇలా జరిగాక నాకో సంగతి పట్టుబడింది. పాత బండికి వయసు తెచ్చిపెట్టే జబ్బులు కొన్నే. ముందు చేసినవాడి వైద్యం తెచ్చిపెట్టేవే ఎక్కువ. ఈ మాట మాస్టారితో అంటే ఆయన ఒప్పుకోలేదు. "వాడి మీద తోసెయ్యకు. వాడికీ ఆ రోజు ఏదో ఇబ్బంది ఉండి ఉంటుంది" అన్నారు. అప్పుడు నాకు నచ్చలేదు.

వెనక బ్రేకు కథ ఆయన మాటకంటే నా మాటకే సాక్ష్యం. బ్రేకు వేస్తే వెనక కుడి చక్రం పట్టేసి బండి తోక జాడించేది. ఎడమ డ్రమ్ము తీస్తే లైనింగు తడిసి ముద్ద. అది వీల్ సిలిండరు కారిన బ్రేకాయిలా, సీలు కారిన గేరాయిలా? ఒక చుక్క తీసి నీళ్లలో వేశాం. బ్రేకాయిలు నీళ్లలో కలిసిపోతుంది, గేరాయిలు తేలుతుంది. తేలింది. వాసన కూడా గంధకపు కంపు. సీలు మార్చాం, లైనింగులు మార్చాం. మూడు వారాలకి మళ్లీ అదే తంతు.

ఈసారి మాస్టారు ఏమీ చెప్పకుండా వెనక ఇరుసు హౌసింగు మీద వేలు పెట్టి ఊరుకున్నారు. అక్కడ బ్రీదరు, అంటే లోపలి గాలి వచ్చిపోయే రంధ్రం, ఉండాలి. దాని స్థానంలో ఒక బోల్టు, చుట్టూ సీలింగు ముద్ద. బ్రీదరు దగ్గర నూనె చెమ్మగిల్లుతోందని దాని నోరు మూసేశారు. తిరిగి తిరిగి హౌసింగు వేడెక్కితే లోపలి గాలి పెరుగుతుంది. బయటికి దారి లేకపోతే అన్నింట్లోకి బలహీనమైన సీలుని తోసుకుని నూనెతో సహా డ్రమ్ములోకి పోతుంది. వాగు దాటితే దీనికి తిరగబడిన కథ. వేడి హౌసింగు చల్లటి నీళ్లలో మునిగేసరికి లోపలి గాలి ముడుచుకుని, అదే సీలులోంచి నీళ్లు పీల్చుకుంటుంది. డ్రెయిన్ ప్లగ్గు తీసినప్పుడు గేరాయిలు పాలు కలిసినట్టు వస్తే నీళ్లు పోయాయనే అర్థం. బోల్టు తీసి, గొట్టం తొడిగి, దాని కొసని నీళ్లు అందనంత ఎత్తుకి తెచ్చి కట్టాం. ఆ తర్వాత సీలు కారలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఎండలో ఇంజను కాసేపు ఆపితే మళ్లీ లేవకపోవడం: పెట్రోలు ఇంజనుకి అందకుండా, దాన్ని తోడే పంపులోనే ఆవిరైపోతుంది, ఆ పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలాగితే చాలు. తడిగుడ్డకి లొంగకపోతే స్పార్కుకి కరెంటిచ్చే కాయిలుని అనుమానించాలి. కంప్రెషను తక్కువున్న సిలిండరులో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ చూడాలి. పెరిగితే జబ్బు పిస్టన్ రింగులది, పెరక్కపోతే వాల్వులది. గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి నడిపాక లివరు బిగుసుకుపోతే సుత్తి తీసుకోకండి. ముందూ వెనకా చక్రాల మధ్య చేరిన మెలి అది. నాలుగు గజాలు రివర్సు పోనిస్తే లివరు దానంతటదే వస్తుంది.

ఇక అసలు సంగతి. నేను విరగ్గొట్టిన స్టడ్డు మర్నాటికల్లా వెయ్యాలి. ఎడమ మరది స్టోరులో లేదు. మాస్టారు సెలవులో ఉన్నారు. ఉన్న కుడి మరదే కొట్టి, కుడి మర నట్టుతో బిగించేశాను. తర్వాత మార్చేద్దామనుకున్నాను, రెండేళ్లు గడిచిపోయాయి. ఎవరికీ చెప్పలేదు.

జీపు ఇంకా ఆ షెడ్డులోనే ఉందని, పిల్లలు దాని మీదే చెయ్యి తిప్పుకుంటున్నారని ఈ మధ్య తెలిసింది. బాబూ, ఎడమ ముందు చక్రానికి అయిదు నట్లుంటాయి. నాలుగింటిని కుడికి తిప్పండి. చివర 'ఎల్' లేని స్టడ్డు ఒకటి కనిపిస్తుంది. దాని నట్టుని మాత్రం ఎడమకి.