ఆల్బెనిజ్ పియానో రచనలు గిటార్ మీదికి: ముందు స్కేల్ తేల్చండి

స్పానిష్ స్వరకర్త ఇసాక్ ఆల్బెనిజ్ 'అస్తూరియాస్' గిటార్ కోసమే పుట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికది పియానో రచన, జి మైనర్‌లో ఉంటుంది. 1890ల మొదట్లో ఓపస్ 232 'షాన్ దెస్పాన్య' సంపుటికి ప్రెలూడ్‌గా (తొలి రచనగా) వచ్చింది. ఆల్బెనిజ్ 1909లో చనిపోయాక, 1911లో హోఫ్‌మైస్టర్ ప్రచురణ సంస్థ దాన్ని 'సూట్ ఎస్పాన్యోలా'లో చేర్చి ఆ పేరు తగిలించింది. అస్తూరియాస్ స్పెయిన్‌కి ఉత్తరాన, వానలు పడే కొండప్రాంతం. సంగీతం మాత్రం దక్షిణాది ఆందలూసియా ఫ్లమెంకో. పేరుకీ పాటకీ పొంతనే లేదు.

ఇలాంటి రచనని గిటార్‌కి దింపేటప్పుడు మొదట తేల్చుకోవలసింది స్కేల్, అంటే ఏ ఆధారస్వరం మీద వాయించాలన్నది. వేళ్ల సంగతి తర్వాత. గిటార్ ఖాళీ తీగలు (వేలు నొక్కకుండా మోగేవి) కింది స్వరం నుంచి పైకి ఇ, ఎ, డి, జి, బి, ఇ. అంకెలు మాత్రం పై నుంచి లెక్క: సన్నటి ఇ మొదటి తీగ, బి రెండోది. అస్తూరియాస్ మొదటి భాగమంతా ఒకే స్వరం ఆగకుండా మోగుతుంటుంది, దాని చుట్టూ రాగం (మెలొడీ) తిరుగుతుంది. జి మైనర్‌లో ఆ స్వరం డి. అదే ఎత్తులో వాయించాలంటే రెండో తీగ మూడో ఫ్రెట్ (మెట్టు) మీద ఒక వేలు కాపలా కాయాలి, మిగిలిన మూడు వేళ్లతోనే రాగం నడపాలి. మూడు అర్ధస్వరాలు దించి ఇ మైనర్‌కి తెస్తే ఆ డి కాస్తా బి అవుతుంది, అంటే ఖాళీ రెండో తీగ. ఎడమచేయి నాలుగు వేళ్లూ రాగానికే మిగులుతాయి. వీణలో తాళం తీగలు చేసే పనిలో కొంత ఈ ఒక్క తీగ చేసిపెడుతుంది. శ్రుతి మారితే రచన మారిపోతుందని బెంగ అక్కర్లేదు. గాయకులు తమ గొంతుకి తగ్గ శ్రుతి పెట్టుకోవడం లేదా!

గిటారిస్ట్ ఫ్రాన్సిస్కో తారెగా ఆల్బెనిజ్ 'గ్రనాదా'కి చేసిందీ ఇదే. పియానోలో ఎఫ్ మేజర్, ఆయన గిటార్ ప్రతిలో ఇ మేజర్. తేడా ఒక్క అర్ధస్వరమే. ఎఫ్‌లో అడుగడుగునా మొదటి ఫ్రెట్ బార్ (ఒకే వేలిని తీగల మీద అడ్డంగా నొక్కడం) పట్టాల్సివచ్చే చోట, ఇ లో పై తీగలూ కింది తీగా వాటంతటవే మోగుతాయి. మధ్యభాగం ఎఫ్ మైనర్ నుంచి ఇ మైనర్‌కి దిగుతుంది, అదీ చేతికి అనువే. మరో స్పానిష్ స్వరకర్త గ్రనాదోస్ 'ఆందలూసా' (ఐదో స్పానిష్ నాట్యం) అసలే ఇ మైనర్‌లో ఉంది కాబట్టి స్కేల్ జోలికి పోనక్కర్లేదు.

స్కేల్ కుదిరాక పియానో నొటేషన్ ముందుంచుకుని రాగాన్ని ఒక రంగు పెన్సిల్‌తో, బాస్‌ని ఇంకో రంగుతో గుర్తుపెట్టండి. గిటార్ నొటేషన్ మోగేదానికంటే ఒక అష్టకం (ఆక్టేవ్) పైన రాస్తారు. పియానో కుడిచేతి స్వరాల్ని చూసింది చూసినట్టు గిటార్ స్టాఫ్ మీద దింపేస్తే ఒక అష్టకం కిందికి జారిపోతాయని గుర్తుంచుకోవాలి. గిటార్ అట్టడుగు స్వరం ఇ, సుమారు 82 హెర్ట్జ్. పియానో బాస్ అంతకంటే చాలా కిందికి పోతుంది, దాన్ని పైకి ఎత్తక తప్పదు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. అందని ఒక్క స్వరాన్ని మాత్రం అష్టకం పైకి ఎత్తి, దాని పక్కవాటిని ఉన్నచోటే ఉంచేస్తారు. దిగుతున్న బాస్ మధ్యలో ఉన్నట్టుండి పైకి ఎగురుతుంది, వినేవాళ్లకి తప్పు స్వరం పడ్డట్టు ఉంటుంది. ఎత్తితే ఆ సంగీత వాక్యం మొత్తాన్నీ ఎత్తాలి.

ముందు రాగం, బాస్ మాత్రమే రాసుకుని మొదటి నుంచి చివరిదాకా వాయించి చూడండి. ఆ రెండూ నిలబడితేనే మధ్య స్వరాలు. ఆరేడు స్వరాల కార్డ్‌లో (ఒకేసారి మోగే స్వరాల గుంపులో) ముందు తీసేయాల్సింది రెట్టించిన స్వరాలు, తర్వాత మూలస్వరం నుంచి లెక్కిస్తే ఐదో స్వరం. మూడోది, ఏడోది పోకూడదు. పియానోకి స్వరాన్ని నిలిపే పెడల్ ఉంది, గిటార్‌కి లేదు. పన్నెండో ఫ్రెట్ దాటిన స్వరం ఇట్టే చచ్చిపోతుంది కాబట్టి, పైన దీర్ఘస్వరం ఉన్నచోట కింద ఏదో ఒక కదలిక ఉంచితే ఆ లోటు వినపడదు.

మళ్లీ అస్తూరియాస్‌కి వద్దాం. మొదటి పేజీలో బీట్‌కి నాలుగు స్వరాలు. రాగం బొటనవేలిది, మధ్యలో వచ్చే బి చూపుడు వేలు, మధ్యవేలు వంతులవారీగా. తర్వాతి దశలో పియానో ఆ స్వరానికి అష్టకం జోడిస్తుంది. గిటార్ మీద అది కుదరదు కాబట్టి, గిటారిస్ట్ సెగోవియా ప్రతి అక్కడ ట్రిప్లెట్లు వేస్తుంది: ఒక రాగ స్వరం, రెండు బి లు. బీట్‌కి నాలుగు కాస్తా ఆరవుతాయి. ఇది అసలు రచనలో లేదని ముక్కు విరిచేవాళ్లున్నారు, కానీ బరువు పెరిగిందన్న భావన ఇంతకంటే బాగా రాబట్టే దారి నాకు కనపడలేదు. చిక్కల్లా వేగంతోనే. మొదటి పేజీ తేలిగ్గా ఉందని జోరుగా ఎత్తుకుంటే ట్రిప్లెట్లు రాగానే బండి నెమ్మదిస్తుంది. అందుకే వేగాన్ని ట్రిప్లెట్ల దగ్గర నిర్ణయించుకుని, అదే మెట్రోనోమ్ అంకెతో మొదటి పేజీకి వెనక్కి రండి. సాధన 60 దగ్గర మొదలుపెడితే చాలు. పెద్ద కార్డ్‌లకి చేయి దూకాల్సిన చోట, ఖాళీ బి మోగుతున్న క్షణంలోనే చేయి కదిలిపోవాలి. కార్డ్ పడే సమయానికి కదిలితే ఆలస్యమే. జరిగేటప్పుడు వేళ్లని చుట్టుతీగల (లోహపు తీగ చుట్టిన బాస్ తీగల) మీంచి పూర్తిగా లేపకపోతే కీచుమంటాయి.

గ్రనాదాలో ఇబ్బంది వేరే. రాగం మధ్య తీగల్లో ఉంటుంది, దానిపైన కార్డ్‌లు పరుచుకుంటాయి. మన చెవికి పైనున్నదే రాగంలా వినపడుతుంది కాబట్టి కార్డ్‌లని వేలి కండతో మెత్తగా, రాగాన్ని బొటనవేలి గోరు తగిలేలా వాయించాలి. ఒకసారి ఉత్త రాగాన్ని రికార్డ్ చేసుకుని, తర్వాత మొత్తం వాయించి పోల్చి చూస్తే ఏది మునిగిపోతోందో తెలిసిపోతుంది.

ఇక ఆల్బెనిజ్‌దే 'సెవిల్యా'. పియానోలో జి మేజర్. గిటార్ మీద కూడా జి లోనే ఉంచి, ఆరో తీగని డి కి, ఐదో తీగని జి కి దించుకునే పద్ధతి బాగా వాడుకలో ఉంది. మధ్యభాగం సి మైనర్‌లోకి పోయినా ఖాళీ జి బాస్ అక్కడా పనికొస్తుంది. ఇందులో రెండు చిక్కులున్నాయి. ఆ రెండు తీగల మీద ప్రతి స్వరం రెండు ఫ్రెట్లు పైకి జరుగుతుంది, అలవాటైన వేళ్లు తప్పు చోట పడతాయి. రెండోది, బిగువు తగ్గిన తీగ గట్టిగా మీటితే ఫ్రెట్లకి కొట్టుకుని జరజరమంటుంది. హార్డ్ టెన్షన్ తీగలు వేస్తే కొంత నయం. దించిన తీగ కాసేపటికి కొద్దిగా పైకి పాకుతుంది కూడా. కావలసిన స్వరం కంటే కాస్త కిందికి దించి, తీగని మెల్లగా లాగి, అక్కణ్ణుంచి పైకి తెస్తే నిలుస్తుంది. కచేరీలో అయితే సెవిల్యాని విరామానికి సరిగ్గా ముందు పెట్టుకోండి. తీగలు మళ్లీ బిగించే పని తెర వెనక చేసుకోవచ్చు.